వినపడే చదువు

మొన్న కోయంబత్తూరులో మా అమ్మాయి ఇంట్లో భోజనం చేసి నడుం వాల్చబోతూ చూద్దును గదా, మనవరాలు కిటికీ కింద చాప మీద పుస్తకం పట్టుకుని నోరు మూసుకుని కూర్చుంది. పెదవి కదలదు, ఒళ్ళు ఊగదు, రాగం లేదు. అలిగిందేమో అనుకున్నాను. ఎంతకీ పలకకపోతే జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేశాను. చదువుకుంటుంటే ఈ గొడవేమిటని అది విసుక్కుంది. జీవితమంతా పిల్లలకు చదువు చెప్పి బతికినవాడు, చదువుకుంటున్న పిల్లను చూసి జబ్బు చేసిందనుకున్నాడంటే మన ఈడువాళ్ళు నవ్వరు గాని, తక్కినవాళ్ళు నా నుదుటి మీదే చెయ్యి వేసి చూస్తారు.

మా ఊరు పళని దారిలో, నల్లరేగడి చేల నడుమ ఉంది. ఏ కాలంలోనో ఉత్తరాన తెలుగు సీమ నుంచి వచ్చి పత్తి పండించుకుంటున్న తెలుగు కుటుంబాలే వీధి పొడుగునా. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బడిలో అంతకంటే పాత తమిళం. ఆ బడి తమిళం మాకే కాదు, తమిళులకూ సగం తెలియదని చాలా ఆలస్యంగా కనుక్కున్నాను. బడి అంటే మా మేనమామ ఇంటి ముందరి తిన్నె, అంటే అరుగు. ఆ తిన్నె మీద తిన్నగా కూర్చుని, ఇసుక పరుచుకుని, వేలితో రాస్తూ, రాసినదల్లా గొంతు చించుకుని అరవాలి. మా బడిలో పలక లేదు, పలకడమే. మామ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. అంత రొదలోనూ ఒక్క గొంతు తప్పు పలికితే కళ్ళు తెరిచేవాడు. ఎదురింటి అత్త తన వాకిట్లో ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి పత్తిలో గింజ తీస్తూ, చెవి మాత్రం మా తిన్నె మీదే ఉంచేది. అక్కడున్న ప్రతి తల్లికీ ఆ కేకల్లో తన బిడ్డ కేక ఏదో తెలుసు. అది వినపడితే బిడ్డకు చదువు వస్తున్నట్టు లెక్క.

అరిచీ అరిపించీ మామ గొంతు పోయింది. ఆ తరవాత ఆ పిల్లల అరుపే ఆయన గొంతు. కుంపిణీ పోయి రాణిగారి ఏలుబడి వచ్చిన కొత్తలో, మదురైలో పంతుళ్ళకే పాఠం చెప్పే బడి ఒకటి పెట్టారనీ, అక్కడ తర్ఫీదు పొందినవాడుంటే తిన్నె బడిని సైతం సర్కారు ఒప్పుకుంటుందనీ విని, తన తరవాత బడి నిలవాలని మామ నన్ను పంపాడు. పత్తి బండి మీద కూర్చుని, ఒట్టన్‌చత్రంలో ఎద్దులతో పాటు నేనూ అలుపు తీర్చుకుని, మదురై చేరాను. అక్కడి పెద్ద పంతులు, ఒక దొర, చెప్పిందానికి సారం ఒకటే. పిల్లలకు ముందు అర్థం కావాలి, నోటికి రావడం ఆ తరవాత. అడగాలి, ఆగాలి, ఆలోచించుకోనివ్వాలి. మామ సిద్ధాంతం దీనికి తలకిందులు. ముందు నోట్లో పడితే, అర్థం దానంతట అదే ఎప్పుడో అరుగుతుందంటాడు. ఒకరిది వండి వడ్డించడం, ఒకరిది మింగి నెమరు వేయడం. ఎవరి మాట వింటే వారిదే నిజమనిపించేది. బోధ నేర్చుకోవడానికి వెళ్ళి బాధ నేర్చుకుని వచ్చాను.

వచ్చీ రాగానే అరుపులు ఆపించాను. చింతగింజలు కుప్పలుగా పోసి కూడికలు చేయించాను. పాత తమిళంలో నీతివాక్యం ఒకటి చెప్పి, దాని అర్థమేమిటో ఆలోచించమన్నాను. ఆలోచించడమంటే ఏం చేయాలో తెలియక పిల్లలు నా ముఖం చూశారు. నాకూ అంత బాగా తెలియక నేను వాళ్ళ ముఖాలు చూశాను. అయినా కొన్నాళ్ళకు ఒకటీ రెండూ ముఖాలు వెలగసాగాయి. నేను పొంగిపోయాను. తిన్నె మీద నిశ్శబ్దం, లోపల గదిలో చాప మీద నిద్ర పట్టక మామ అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు.

అప్పుడు ఎదురింటి అత్త చేతికంటిన పత్తి దులుపుకుంటూ వచ్చింది.

"ఏమి తంబీ, ఒడంబు బాగలేదా? పల్లికూడం సత్తమే వినరాలేదే."

ఒళ్ళు బాగానే ఉందనీ, బడి చప్పుడు లేనిది పిల్లలు యోచన చేస్తున్నందుకనీ చెప్పాను.

"యోచన చేసేదానికి ఇంట్లో తావు లేదా ఏమి?" అని కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మర్నాటికి వాడు మేకల వెనక ఉన్నాడు. వాడి వెనక ఇంకొందరు. పత్తి తీతలు కాగానే బడి చూడ్డానికి సర్కారు ఇనస్పెక్టరు వస్తాడు; పిల్లలు లేని బడిని ఆయన బడి అనడు. మామ ఊపిరి ఉండగానే ఆయన తిన్నె ఉత్త తిన్నె అయిపోతుంది.

అరుపే కదా కావలసింది అనుకున్నాను. అర్థమైనదాన్నే అరిపిస్తే దొర మాటా, అత్త మాటా రెండూ దక్కుతాయి. మిగిలిన పిల్లల చేత నీతివాక్యాల అర్థాన్ని తెలుగులో ఎలుగెత్తి చెప్పించాను. కోపం వచ్చినప్పుడు నోరు కట్టుకోవాలని, నీళ్ళున్న చోటే ఇల్లు కట్టుకోవాలని వీధి మారుమోగింది. ఎదుటి వాకిట్లో ఆడవాళ్ళు పత్తి వదిలేసి విన్నారు. పుట్టి బుద్ధెరిగాక బడి ఏమంటున్నదో వాళ్ళకు తెలియడం అదే మొదలు. ఇక గెలిచాననుకున్నాను. మర్నాడు మరి నలుగురు రాలేదు. అడగబోతే అత్తే తేల్చి చెప్పింది.

"ఇది మా అవ్వ చెప్పిందే గదా తంబీ. మాకే తెలిసేది సదువు ఎట్లవుతుంది?"

నేను తిరిగి వచ్చి తిన్నె మీద మిగిలిన పిల్లలను లెక్కపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఉన్న కాస్త గొంతుతో గాలి ఊదినట్టు చెప్పాడు. "పైరు పెరిగేది కంటికి కనపడుతుంది రా. బిడ్డ సదువు అమ్మకు ఎట్ల కనపడాల? చెవిలో పడాల."

పాత తమిళం, పాత రాగం మళ్ళీ మొదలుపెట్టించాను. మేకలు ఒంటరివయ్యాయి, తిన్నె నిండింది. కాని మదురై వెళ్ళి రానట్టు ఉండటమూ నాకు చేతకాలేదు. అందుకని ఆ రొద మధ్యనే ఒక్కొక్కరి పక్కన గొంతుక్కూర్చుని, చెవి దగ్గర తెలుగులో మెల్లగా అడిగేవాణ్ణి, ఇప్పుడు నువ్వు అరిచినదానికి అర్థమేమిటని. చుట్టూ వాన కురుస్తుంటే గొడుగు కింద మాట్లాడుకున్నట్టుండేది. దొరగారి పద్ధతిని మామ పద్ధతి చాటున దొంగసొత్తులా దాచుకుని నడిపాను.

ఇనస్పెక్టరు తమిళాయన, తట్టువు గుర్రం మీద వచ్చాడు. ఊరి పొలిమేరలోనే మా చదువు వినపడి ముఖం చిట్లించుకున్నాడు. వస్తూనే చెయ్యెత్తి అరుపులు ఆపించి, ఎదురింటి అత్త కొడుకును నిలబెట్టి, నడుమనున్న వాక్యమొకటి అడిగాడు. మా పిల్లలకు నడుమ నుంచి మొదలుపెట్టడం రాదు. వాడు మొదటి వాక్యం నుంచి ఒకే ఊపిరిన పరుగెత్తుకొచ్చి, అడిగినచోట టక్కున ఆగి, ఎవరూ అడగకుండానే అర్థం తెలుగులో చెప్పాడు. ఇనస్పెక్టరుకు తెలుగు రాదు. అదే తమిళంలో చెప్పమన్నాడాయన. వాడు సంతలో మేకను బేరమాడే తమిళంలో చెప్పాడు. ఇనస్పెక్టరు నవ్వి, బడి ఉండవచ్చునన్నాడు.

వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, పిల్లలకు బాగా అర్థమవుతున్నది, ఆ పాడు అరుపులు మాన్పిస్తే ఇంకా బాగుంటుందని చెప్పాడు. ఆయన వీధి మలుపు తిరగకుండానే అత్త వచ్చి, "చూస్తివా తంబీ, మావాడు గట్టిగా అరిచినాడు, ఆఫీసరే మెచ్చె" అంది. మామ చాలా రోజుల తరవాత మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాడు. దొర, అత్త, మామ, ఈ ముగ్గురిలో ఎవరి మాట వల్ల బడి నిలిచిందో నాకు తెలియలేదు.

అత్త కొడుకు ఇప్పుడు మీసం నెరిసిన పత్తి వర్తకుడు. నీకు చదువు ఎట్లా వచ్చింది రా, అరిస్తేనా, అర్థమైతేనా అని ఒకసారి అతన్నే అడిగాను. వాక్యాలూ అర్థాలూ ఏవీ గుర్తు లేవనీ, అంత రొదలో నేను పక్కన కూర్చుంటే చెవి మీద తగిలే నా ఊపిరిలోని తమలపాకు వాసన మాత్రం గుర్తుందనీ చెప్పాడు. అట్లా పక్కన కూర్చునే పద్ధతికి దొర పేరు పెట్టలేదు, మామకూ పేరు తెలియదు.

ఇప్పుడు బళ్ళకు గోడలొచ్చాయి, గోడలకు తలుపులొచ్చాయి. లోపల పంతుళ్ళు నాకంటే బాగానే చెబుతున్నారు, పిల్లలకు మాకంటే బాగానే అర్థమవుతున్నది. పరీక్ష ఫలితం వచ్చిననాడు తల్లిదండ్రులు కాగితం ఎవరిచేతనైనా చదివించుకుని సంతోషిస్తారు. నడుమ ఉన్న రోజులన్నీ, తల్లులు బడి ముందు నుంచే నీళ్ళబిందెతో నడిచి పోతారు, ఒక్క క్షణం కూడా ఆగరు. ఆగి వినడానికి అక్కడ ఏమీ లేదు. పిల్లలు నేర్చుకుంటూనే ఉన్నారు కాబోలు. ఆ సంగతి వీధికి మాత్రం తెలియడం లేదు.