కొండ దిగివచ్చేవాళ్ళకి పులిహోర

కొండ దిగివచ్చిన ప్రతివాళ్ళనీ మా పక్కింటి ఆంటీ "వచ్చేశావా నాన్నా!" అని పలకరించేవారు. అమెరికన్లయినా సరే, తెలుగులోనే. ఆ వెంటనే పులిహోర పొట్లం చేతిలో పెట్టేవారు. కొత్తవాళ్ళతో మాట కలపడం చేతకాని నాకు అది ఆశ్చర్యంగా అనిపించింది.

ఆవిడ కొడుకు సియెర్రా పర్వతాల్లో ఒక శిఖరం ఎక్కుతూ మంచు మీద జారి చనిపోయాడు. ఏటా అతని పుట్టినరోజుకి ఆంటీ ఆ కొండ కిందికి వెళ్ళేవారు. మోకాళ్ళ నొప్పులతో అంకుల్ రాలేకపోయిన ఏడాది, అమెరికాలో మేముండే డబ్లిన్ ఊరి నుంచి నేను డ్రైవ్ చేశాను.

బెంచీ మీద కూర్చుని ఆవిడ కాలిబాట మలుపు వరకే చూస్తున్నారు. శిఖరం వైపు తల ఎత్తడం లేదు. గడ్డం ఉన్న ఒకతను పొట్లం విప్పి తిని, "వావ్, స్పైసీ!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"మిరపకాయ పక్కన పెట్టెయ్యి నాన్నా. మావాడూ అంతే," అన్నారు ఆంటీ. అతను అర్థం కాకపోయినా నవ్వి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆంటీకి, అక్కడి బోర్డు మీద చదివింది చెప్పాను. ఒకప్పటి హిమానీనదాలు ఆ శిఖరపు రాతిని కోసి అంత పదునుగా చేశాయని, భూమి లోపలి కదలికలు దాన్ని ఇప్పటికీ పైకి నెడుతున్నాయని.

"అంటే, ఇంకా పెరుగుతోందా?"

"అవునాంటీ. ఏటా కొంచెం కొంచెం."

ఆవిడ మొదటిసారి తల ఎత్తి శిఖరాన్ని చూశారు. చాలాసేపు చూశారు.

"రాయి కూడా పెరుగుతోందే," అన్నారు. "ఇవాళ మావాడికి మళ్ళీ ఇరవై రెండే."