గాజులు తీయని చేయి

ఉద్యోగ విరమణ తరువాత నెలకొకసారి బీపీ మాత్రల కోసం మా మండలంలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళడం నాకు నియమమైంది. వరుసలో నిలబడడం, చీటీ చేత పట్టుకోవడం, వంతు వచ్చేదాకా నోరు మెదపకపోవడం బడిలో పిల్లలకు నేర్పిన పద్ధతులే. వరుస తప్పేవారిని నేను సహించను. ఆ సంగతి అక్కడి సిబ్బందికీ తెలుసు.

మొన్నటి మిరపకోతల కాలంలో ఒక ఉదయం నా ముందు ఒక సుగాలి స్త్రీ నిలబడి ఉంది. వయసు అరవై దాటి ఉంటుంది. ఎత్తిపోతల వైపు తండా నుంచి కోడలిని వెంటబెట్టుకొని ఆటోలో వచ్చింది. రెండు చేతులకూ మణికట్టు నుంచి భుజం దాకా తెల్లని గాజులు. అత్తకు కొన్నాళ్ళుగా తల పగిలిపోతున్నదనీ, నిన్న మిరపతోటలో కళ్ళు తిరిగి పడిపోయిందనీ కోడలు నర్సుకు చెప్పింది.

నర్సు బీపీ పట్టీ విప్పింది. "గాజులు తీసి చెయ్యి పెట్టమ్మా."

ఆమె చేయి వెనక్కి లాక్కుంది. "నా మొగుడు బతికుండంగా గాజులు తీసేదేంది?"

"కాసేపేలేమ్మా. మళ్ళీ ఏసుకుందువు."

"అట్టాగా? అయితే నీ మెళ్ళో పుస్తెలు తీసి ఆ బల్ల మీద పెట్టు. కాసేపేగా, నువ్వూ మళ్ళీ ఏసుకుందువు."

వరుసలో నవ్వులు లేచాయి. నర్సు ముఖం కందగడ్డలా చేసుకుంది. "బీపీ చూడకుండా మాత్రలియ్యం. జరుగు, వెనకాల చానామంది ఉన్నారు."

ఆ మాటతో ఆమె గుమ్మం వైపు నడిచింది. "అత్తా, ఆగత్తా! మళ్ళీ పడిపోతే ఎవురు దిక్కు?" అంటూ కోడలు కొంగు పట్టుకుంది.

తండాల్లో భుజం మీది గాజులు భర్త పోయిన నాడే తీస్తారు. మంగళసూత్రం విలువ తెలిసిన వారికి ఇది విడమరచి చెప్పవలసిన సంగతి కాదు. పైగా బీపీ చూడాలన్నదే నియమం. గాజులు తీయించాలని ఏ నియమమూ లేదు. నేను వరుస విడిచి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మ గదికి వెళ్ళి జరిగినది చెప్పాను. ఆమె వెంటనే బయటికి వచ్చింది.

"గాజుల జోలికే పోవద్దు. కాలికి కట్టి చూద్దాం. చేతి మీద కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. అది నేను చూసుకుంటాను."

అయితే రోగిని పడుకోబెట్టి చూసే బల్ల ఉన్నది వరండాలో. పడుకొని, పావడా పిక్కల పైకి జరపాలి. ఎదురుగా ఇంతమంది మగవాళ్ళు. ముసలామె మళ్ళీ బిగుసుకుపోయింది.

"మగవాళ్ళందరూ గోడవైపు తిరగండి" అన్నాను.

"మాస్టారు మళ్ళీ బడి పెట్టాడ్రా" అని ఎవరో గొణిగారు. అయినా అందరూ తిరిగారు.

డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. "చాలా ఎక్కువగా ఉందమ్మా. ఇలాగే ఎండలో పనిచేస్తే కాలో చెయ్యో పడిపోతుంది" అని చెప్పి, మాత్ర మింగించి లోపల మంచం మీద పడుకోబెట్టించింది. కోడలు గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంది.

వరుస విడిచాను కనుక నేను చివరన నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నర్సు అప్పుడే లోపలికి వెళ్ళి, అడగకుండానే ముసలామె కాలికి పట్టీ కట్టింది. బీపీ కొంత దిగింది.

"ఇందాక విసుక్కున్నాలే అమ్మా" అంది నర్సు, పట్టీ విప్పుతూ.

"నేనూ అన్నాగా." ఆమె లేచి కూర్చుంది. "మా తండాలో నాలాంటి ముసిలోళ్ళు ఇంకా ఉన్నారు. తలనొప్పని గుడ్డ కట్టుకొని పడుకుంటారు గానీ, గాజులు తీయమంటారని ఈడికి రారు. వాళ్ళకీ కాలికే కడతావా?"

"కడతా. ఈ గదిలోనే, తలుపేసి."

"అయితే కోతలైనాక తోలుకొస్తా."

నర్సు పట్టీ చుట్టడం ఆపింది. "కోతలయ్యేదాకా ఏంది? రేపే తీసుకురా."