వేములవాడ నుంచి నిర్మల్ దాకా ఒక కమాండ్

కరీంనగర్‌లో ఒక డిజైన్ ఆఫీసు సర్వర్లు చూసుకునే ముకర్రం భాయ్‌ది ఒకటే జబ్బు: ఫోన్లో కమాండ్ చెప్పాలంటే మనిషిని బస్సెక్కిస్తాడు. ఇంగ్లీషు అక్షరాలు ఊళ్ల పేర్లతో తప్ప ఆయన నోట రావు. ఆ బస్సులో అందరికన్నా ఎక్కువ తిరిగింది సృజన.

సృజన నిర్మల్‌లో తన ఇంటి నుంచే కొయ్యబొమ్మలకు నమూనాలు గీస్తుంది. ఆమె లాప్‌టాప్ ముసలిది. గీసే బరువంతా కరీంనగర్‌లోని లినక్స్ సర్వర్, దాంట్లోని గ్రాఫిక్స్ కార్డు మోస్తాయి. అక్కడి తెర మాత్రం నెట్ మీదుగా ఆమె ఇంటికొస్తుంది. ఉద్యోగంలో చేరీ చేరగానే చిలకబొమ్మ మొరాయించింది. తెరమీద తిప్పితే ముక్కు ఇప్పుడు తిరిగేది, తోక ఛాయ్ తాగొచ్చాక తిరిగేది.

"భాయ్, నెట్ మంచిగనే ఉంది. చిల్కనే కదుల్తలేదు," అంది ఫోన్లో.

"ఫికర్ చెయ్యకు బేటా. బొమ్మను ఎవ్వరు గీస్తున్నరో సర్వర్‌నే అడుగుదాం."

ఆయన చెప్పినట్టు అడిగితే సర్వర్ ఒక పేరు చూపించింది.

"ఎల్ఎల్‌వీఎమ్ పైప్ అంటుంది భాయ్."

"గదీ సంగతి! కార్డు గుర్రుపెట్టి పండుకుంది. దాని పని పాపం మామూలు ప్రాసెసర్ నెత్తిన వడ్డది. ఇగ కార్డును లేపాలె. ప్రోగ్రాం పేరుకు ముంగట కొట్టు. వేములవాడ వీ. గోదావరిఖని జీ. లక్సెట్టిపేట ఎల్. రామగుండం ఆర్."

"లక్సెట్టిపేట దాంక పోయి మళ్ల ఎన్కకు రామగుండమా? గిదేం బస్సు భాయ్?"

"గీ బస్సు గట్లనే పోతది. ఉట్నూరు యూ. నిర్మల్ ఎన్. దిగు, మీ ఊరొచ్చింది!"

ఎంటర్ నొక్కగానే చిలక బొంగరంలా తిరిగింది. సృజన కుర్చీలోనే ఎగిరింది.

అప్పటినుంచి ఏది చెడినా బస్సే. మౌస్ మాయమైతే మందమర్రి మీదుగా, కీబోర్డు మొండికేస్తే కాగజ్‌నగర్ మీదుగా. ఒకరోజు ఆఫీసులో పనిచేసే అంబ్రీన్ ఫోన్లో పడీపడీ నవ్వింది.

"పిచ్చిదానా, ఆయన కూసున్నకాడి నుంచే నీది సిటికెల బాగుజేస్తడు. విద్యాసాగర్‌రావు సారుకు గట్లనే జేస్తడు. నిన్నొక్కదాన్నే ఊర్లు తిప్పుతుండు!"

సృజనకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు పుణె నుంచి బొమ్మలు కొనేవాళ్లు వీడియోలో కూర్చున్నారు. ఆఫీసు యజమాని విద్యాసాగర్‌రావూ కూర్చున్నాడు. చిలకను చూపిద్దామని ప్రోగ్రాం తెరవగానే తెర నల్లబడింది. డిస్‌ప్లే తెరుచుకోవడం లేదని ఒక ముక్క, అంతే.

"ఏమాయె సృజనా? జర జల్ది కానియ్యి!" సారు గొంతు లేచింది.

ముకర్రం భాయ్‌కి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మేనకోడలి పెళ్లికి వెళ్లాడని గుర్తొచ్చి తిట్టుకుంది. అంతలో ఆమె వేళ్లు వాటంతటవే ప్రయాణం కట్టాయి. కార్డు ఉందా? ఉంది. గీసేది ఎవరు? ఎవరూ లేరు. పొద్దున సర్వర్ ఆగి మళ్లీ మొదలైంది. కార్డుకు తలుపు తీసే సర్వీసు మాత్రం లేవలేదు. మొన్ననే ముకర్రం పట్టుబట్టి ఆమెకు ఇప్పించిన అనుమతితో దాన్ని లేపింది. చిలక రెక్క విప్పింది. పుణె వాళ్లు చప్పట్లు కొట్టారు.

"శెభాష్ బిడ్డా!" అన్నాడు సారు.

అందరూ వెళ్లాక, సర్వర్లో ఇంకెవరైనా ఇబ్బంది పడుతున్నారేమోనని సృజన లోపలున్నవాళ్ల పేర్లు చూసింది. రెండే ఉన్నాయి. ఒకటి తనది, రెండోది ముకర్రంది. తెర నల్లబడక ముందునుంచీ ఉన్నాడు.

ఫోన్ చేస్తే ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు.

"బేటా, పెండ్లిల ఉన్న. నాకేం తెల్వది."

"మరి సర్వర్ల మీ పేరెందుకున్నది భాయ్?"

ఫోన్లో పెళ్లి బ్యాండు చప్పుడు దూరమైంది; ఆయన పక్కకు నడిచినట్టున్నాడు.

"గదా... నీతోని కాకపోతే అందుకుందామని. నువ్వేమో నాకు పనే వెట్టలే."

వెనకనుంచి ఆయన భార్య చాంద్‌బీ కేక వినిపించింది: "ఆ పిల్ల గెల్చింది గద, ఇగనన్న ఆ లాప్‌టాప్ మూసి బిర్యానీ తింటవా!"