పార్టీ మారని పైడయ్య

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన పైడయ్య, రోజూ పొద్దున్నే సైకిలు మీద ఝపటాపూర్ టీకొట్టుకు వస్తాడు. బల్ల చివర కూర్చుని, పేపరును తొడ మీద పరిచి, గాలికి లేవకుండా బొటనవేలితో నొక్కిపట్టి, ఒక్కో వార్తనూ పైకే చదువుతాడు. తన పార్టీ గెలిచినా ఓడినా ఆయన గొంతు తగ్గదు. ఈసారి సార్వత్రిక ఎన్నికల్లో అది ఘోరంగా ఓడిపోయింది. అయినా ఫలితాల మర్నాడు టీకొట్టు బెంగాలీతో బల్ల గుద్ది మరీ అన్నాడు. "ఓట్లు తగ్గినాయి గానీ మా మాట తగ్గలేదు దాదా. రైల్వే పని కాంట్రాక్టుకిచ్చేస్తే అది సంస్కరణేటి? కాంట్రాక్టోళ్లందర్నీ బయటికి పంపాల."

డ్యూటీకి పోతూ టీకొట్టు దగ్గర ఆగిన కోడలు కళ్యాణి ఆ మాట వింది. ఆమె అదే వర్క్‌షాపులో కాంట్రాక్టు వెల్డరు. "అయితే ముందు నన్నే పంపీయండి మావయ్యా. నానేటి తప్పు సేసినాను?" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. పైడయ్య నవ్వలేదు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ ఆమెతో వర్క్‌షాపు గేటు దాకా వెళ్లాడు. ఆ ఆదివారం తన పార్టీ యూనియన్ మీటింగుకు ఆమెను వెంటబెట్టుకెళ్లి, నాయకుల ముందు లేచి నిలబడ్డాడు. "కాంట్రాక్టోళ్లు మనకి పగోళ్లు కారు. ఈళ్లకీ సభ్యత్వం ఇవ్వాల, సమాన జీతం అడగాల. ఇన్నాళ్లూ నాను తప్పు సెప్పినాను."

"పార్టీ మారిపోయినావేటి పైడయ్యా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"పార్టీలోనే ఉన్నాను. అందుకే సెప్తన్నాను" అని, మైకు కోడలి చేతికిచ్చి, ఆమె మాట్లాడినంతసేపూ పక్కనే నిలబడ్డాడు.