సౌండు పోయినా ఆగని 'గాలి తీసిన పిల్ల'

మా చిన్నప్పుడు సిరిసిల్లలో మాటలు చెవులతో వినేవాళ్లం కాదు... కళ్లతో వినేవాళ్లం.

నవ్వకండి. సాంచాల మధ్య పెరిగినవాళ్లను ఎవరినైనా అడగండి. సాంచా అంటే మరమగ్గం. షెడ్డు నిండా సాంచాలు కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకే అందరూ ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేవాళ్లు. పిల్లలం మాకు కూడా వచ్చేది.

మా మేనమామ రాజేశం సాంచా నడిపేవాడు. అదే షెడ్డులో ఆ చివర కూర్చుని సుగుణ కండెలకు నూలు చుట్టేది. ఇద్దరూ ఏడాది పాటు అట్లా పెదాలతోనే మాట్లాడుకున్నారు... ఒకరి గొంతు ఒకరు సరిగా విన్నది లేదు. షెడ్డులో అందరికీ సంగతి తెలుసు. వేరే షెడ్డులో పనిచేసే సుగుణ నాయన కనకయ్యకు తప్ప!

ఆయన బిడ్డను మహారాష్ట్రలోని భీవండి సంబంధానికి ఇస్తానని మాట ఇచ్చేశాడు. మామకు అన్నం సయించలేదు.

"పొయ్యి అడుగురాదురా ఆయనను" అని మా అమ్మ తిట్టేది.

"మాటిచ్చినంక ఏమని అడగాలె అక్కా?" అని మామ తల దించుకుని షెడ్డుకు పోయేవాడు.

సరిగ్గా అప్పుడే మా టాకీసుకు 'గాలి తీసిన పిల్ల' వచ్చింది.

నా చదువు రెండో తరగతి దాకే. కానీ సినిమా సంగతి నాకు ఎవడూ నేర్పనక్కర్లేదు. అది బంగారం లాంటి సినిమా. జగిత్యాలలో వారం ఆడలేదు, కోరుట్లలో అంతకన్నా ముందే ఎత్తేశారు... ఫైట్లు లేవట, విలన్ లేడట! కథ ఏమిటంటే, హీరోకు సైకిలు షాపు. ఒక పిల్ల రోజూ పంక్చరైన సైకిలు తోసుకుంటూ వస్తుంది. ఆ పిల్లే టైరును పిన్నీసుతో గుచ్చి తెస్తోందని ఊరంతటికీ తెలుసు. హీరో మాత్రం దారిలో ముళ్లున్నాయనుకుని పొద్దున్నే చీపురు పట్టుకుని రోడ్డు ఊడుస్తాడు. అంత అమాయకుడు. ప్రేమంటే అది. ఇప్పటి సినిమాల్లో చూపించమనండి చూద్దాం!

మేము మ్యాట్నీకి పోయాం. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు, మధ్యలో నడుమెత్తు గోడ. నా ఒక పక్క మామ, ఇంకో పక్క కనకయ్య. సినిమా మొదలైన కాసేపటికే సౌండు మిషను కాలిపోయింది. టాకీసు మేనేజరు లైట్లు వేయించి, ఆట బంద్, పైసలు తీసుకుని పొండి అన్నాడు.

జనం లేచి అరిచారు... "మాకు సౌండ్ ఎందుకయ్యా? బొమ్మ నడిపియ్యి!"

నడిపించక తప్పలేదు. పెదాలు చూసి అందరూ ఒకేసారి మాటలు చెప్పడం మొదలుపెట్టారు. అంతా గోల. మెల్లగా ఆ గోల సర్దుకుంది... హీరో మాటలు మామ అందుకున్నాడు. హీరోయిన్ మాటలు గోడకు అటువైపు నుంచి ఒక ఆడగొంతు అందుకుంది.

కనకయ్య మురిసిపోయాడు. "గది మా సుగుణనే! మంచిగ చెప్తున్నది గదా?" అని నన్ను మోచేత్తో పొడిచాడు. మామ ఆ గొంతును సరిగా వినడం అదే మొదటిసారి.

చివరి సీను... హీరోకు పిన్నీసు సంగతి తెలిసిపోయింది. షాపు ముందు నిలబడి అడిగాడు. మామ చెప్పాడు... "రోజు పంచర్ చేసుకునుడు ఎందుకు పిల్లా? ఒక్కసారే వచ్చి ఈన్నే ఉండరాదు?"

హీరోయిన్ వీపు మనవైపు. పెదాలు కనపడవు. ఏమన్నదో ఎవరికీ తెలియదు.

గోడ అవతల నుంచి వచ్చింది జవాబు. "భీవండోళ్లకు మాటిచ్చింది మా నాయిన. నేను ఇయ్యలే. నేనొస్త."

కనకయ్య లేచి నిలబడ్డాడు. "గా బొమ్మల పిల్లకు భీవండి ఏడికెల్లి అచ్చెరా?"

వెనక నుంచి ఎవరో "మొఖం అటు తిప్పింది కనకన్నా... మాకేం ఎరుక!" అన్నారు. టాకీసు పగలబడి నవ్వింది. కనకయ్య నవ్వలేదు. మామ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.

ఆట విడిచాక కనకయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. సుగుణ వచ్చింది. తల దించలేదు. ఆయన మామను పిలిచాడు.

"ఏందిరా, నోరు బొమ్మల ముంగటనే లేస్తదా? నా ముంగట లేవదా?"

"భయమైంది మామా..."

"మాటిచ్చినోన్ని నేను. తప్పుతున్న అని భీవండికి నేనే పొయ్యి చెప్పుకుంట. నువ్వు మాత్రం నా బిడ్డను రోజు పంచర్ చెయ్యకు!"

అట్లా సుగుణ మా అత్త అయింది.

మొన్న నా మనవరాలు ఈ సినిమాను ఫోనులో వెతికి పట్టింది. పాపం, చూసినవాళ్లే లేరు. మామ, అత్తల ఇంటికి తీసుకుపోయి చూపించాం. ఇన్నేళ్లకు సౌండుతో! చివరి సీను వచ్చింది. వీపు తిప్పుకున్న హీరోయిన్ ఏమన్నదో తెలుసా?

"ముందు గాలి కొట్టండి... చీకటి పడుతోంది."

అత్త మొహం చిట్లించింది. "గంతేనా? గదేం మాట! సౌండ్ బంద్ చెయ్యి బిడ్డా. మల్ల ఎనుకకు పెట్టు."

సాంచాల మోతకు మామ చెవులు ఎప్పుడో పోయాయి. సౌండు ఉన్నా లేకున్నా ఆయనకు ఒకటే. కళ్లద్దాలు సర్దుకుని హీరో పెదాలు చూశాడు... "ఒక్కసారే వచ్చి ఈన్నే ఉండరాదు?" అన్నాడు, గట్టిగా.

అత్త ఆయన వైపు తిరిగింది, పెదాలు కనపడేట్టు.

"వచ్చిన గదా..."

ఇప్పుడు ఆ టాకీసు జాగాలో ఫంక్షన్ హాలుంది. అందరి చెవుల్లో సౌండు ఉంది గానీ, ఎదుటి మనిషి పెదాల వైపు చూసేవాళ్లు ఏరి?

నా మాట విని ఈ సినిమా చూడండి. ఆ చివరి సీను దగ్గర సౌండ్ తీసేయండి... మీ ఇంట్లోవాళ్లు ఏం జవాబిచ్చారో కింద రాయండి. మనవరాలు చదివి వినిపిస్తుంది నాకు.