బోసినోటి అంపైరు కొంకోన్ హక్కు

దోన్ తెలెస్ఫోరో నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. అయినా సరే, కాస్తులా భోజనశాలలో అన్నం గిన్నె అడుగున పట్టే కొంకోన్ మొత్తం, మొత్తమంటే మొత్తం, రోజూ ఆయనకే కావాలి.

కొంకోన్ అంటే తెలుసుగా! అన్నం వడ్డించేశాక గిన్నె అడుగున నూనె పీల్చుకుని, బంగారు రంగు తిరిగి, కరకరలాడుతూ మిగిలే చెక్క. సాన్ పేద్రో ఊళ్ళో దానికోసం అన్నదమ్ములు మాటలు మానేసుకున్నారు. ప్రేమించిన పిల్ల ఇంటికి మొదటిసారి వెళ్ళినవాడికి వాళ్ళమ్మ కొంకోన్ పెట్టిందంటే ఇక పెళ్ళి ఖాయమైనట్టే. అలాంటి కొంకోన్‌ని, రాళ్ళు కొరికే దవడలున్న మగాళ్ళంతా గుటకలు మింగుతూ చూస్తుండగా, ఓ బోసినోటి ముసలాయన ఎత్తుకుపోతుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా?

"దేంతో నములుతావు తాతా? చిగుళ్ళతోనా?" అని యుదెల్కా రోజూ అడిగేది. యుదెల్కా కాస్తులాకి మేనకోడలు. ఆ ఆరు స్టూళ్ళ బల్ల దగ్గర వడ్డన ఆమెదే, పెద్ద నోరూ ఆమెదే.

"అంపైర్ని ప్రశ్నించకూడదు. స్ట్రైక్ ఒకటి!" అనేవాడాయన వేలెత్తి.

నిజంగానే అంపైరు. ఊళ్ళో బేస్‌బాల్ ఆటలకి నలభై ఏళ్ళు అంపైరుగా నిలబడ్డాడు. ఆఖరి ఆటలో సొంత బావమరిదిని ఔటని చెప్పి, వారం రోజులు ఇంట్లో అన్నం పుట్టక కాస్తులా దగ్గరే తిన్నాడు. అంత ముక్కుసూటి మనిషి. ఆయన తీర్పు తప్పిందని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. మైదానం వదిలి తొమ్మిదేళ్ళయినా అలవాటు మాత్రం ఆయన్ని వదల్లేదు: మూడు స్ట్రైకులైతే ఔటు. ఓ రోజు మంగలి రాదామేస్ తింటూ మోచెయ్యి తగిలించాడని స్ట్రైక్ ఒకటి, సారీ చెప్పలేదని స్ట్రైక్ రెండు, నవ్వాడని స్ట్రైక్ మూడు ఇచ్చి స్టూలు మీంచి లేపేశాడు. పాపం రాదామేస్ పళ్ళెం పట్టుకుని పోయి, వీధిలో నిలబడి మిగతా కోడికూర తిన్నాడు. ఎందుకు వెళ్ళావురా అంటే, "ఏమో, ఆయన చెయ్యి అలా చూపించగానే కాళ్ళు వాటంతటవే నడిచాయి" అన్నాడు.

పదకొండున్నర కొట్టేసరికి ఆయన అందరికంటే ముందు వచ్చి, పొయ్యికి దగ్గరగా ఉన్న స్టూలెక్కి కూర్చునేవాడు. కూర్చున్న క్షణం నుంచీ గోలే.

"కాస్తులా! మంట తగ్గించు! నా కొంకోన్‌ని చంపేస్తున్నావ్!"

"నలభై ఏళ్ళ నుంచి వండుతున్నాను. నువ్వు నేర్పుతావా నాకు?" అని కాస్తులా గరిటె చూపించేది. చూపిస్తూనే పొయ్యిలోంచి రెండు బొగ్గులు పక్కకి లాగేది.

"చిక్కుడు గింజలు దించు! రసం ఇగిరిపోతోంది!"

"దించుతానయ్యా, దించుతాను. నీ కేకలకి అవే దిగొచ్చేలా ఉన్నాయి."

అందరి భోజనాలూ అయ్యాక అసలు తంతు మొదలు. ఆయన అనుమతి అడక్కుండా బల్ల దాటి లోపలికి వెళ్ళేవాడు. జేబులోంచి సొంత ఇనప గరిటె తీసి, అందరికీ వీపు తిప్పి గిన్నె అడుగు గోకి, అదంతా మూడు గిన్నెల కారియర్లో వేసి మూత బిగించేవాడు. అంతటితో ఊరుకున్నాడా? ఖాళీ గిన్నెని పెరటి కుళాయి దగ్గరికి మోసుకుపోయి, ఇసకా నిమ్మచెక్కా వేసి అద్దంలా తోమి మరీ తెచ్చిచ్చేవాడు.

"ఒక్క మెతుకైనా మనకి మిగలకూడదని ఆయన బాధ," అనేవాడు రాదామేస్ పళ్ళు కొరుకుతూ. అతనికి ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, అన్నీ కొరికేవాడు. "ఏడాదిన్నర క్రితం దాకా లేని రోగం ఇది! హోటళ్ళ వాళ్ళకి అమ్ముకుంటున్నాడేమో?"

"ఇంట్లో కట్టుడు పళ్ళున్నాయేమో," అనేవాడు ఇంకొకడు. "ఆదివారాలు పెట్టుకుంటాడట."

నవ్వులాట నవ్వులాటే గానీ, ఓ బుధవారం వ్యవహారం ముదిరింది. ఎదురుగా కొత్త భోజనశాల ఒకటి తెరిచారు. దానికి ఫ్యాను ఉంది, అద్దాల బీరువా ఉంది. రాదామేస్ పళ్ళెం పక్కకి నెట్టి నిలబడ్డాడు.

"దోన్యా కాస్తులా, తాడోపేడో తేలిపోవాలి. రేపు కొంకోన్ అందరికీ సమానంగా పంచాలి. లేదా మేమంతా ఎదురుగా వెళ్ళి ఫ్యాను కింద తింటాం."

"ఆయన జోలికి వెళ్ళొద్దు," అంది కాస్తులా, తలెత్తకుండా.

యుదెల్కా లెక్క వేసుకుంది. రాదామేస్ లేస్తే అతని వెనక ఇంకో నలుగురు లేస్తారు. ఉన్నవే ఆరు స్టూళ్ళు. ఆ ఆరు స్టూళ్ళే అత్తకి లోకం. పళ్ళు లేని ముసలాయన తిండియావకి అత్త బతుకు వీధిన పడాలా? అటో ఇటో తేల్చుకుందామని, ఆ మధ్యాహ్నం కారియర్ ఊపుకుంటూ వెళ్తున్న దోన్ తెలెస్ఫోరో వెనకాలే బయల్దేరింది.

ఆయన ఇంటికి వెళ్ళి, నేరుగా పెరట్లోకి పోయి, అరటిచెట్టు మొదట్లో గొయ్యి తీసి, కారియర్ బోర్లించాడు. కోళ్ళు ఆశగా పరిగెత్తుకొచ్చాయి. ఒకసారి పొడిచి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

యుదెల్కా కంచె దాటి దూకింది. గోతిలోంచి ఓ ముక్క తీసి చూస్తే బంగారమూ లేదు, కరకరా లేదు. నికార్సైన బొగ్గు.

"ఇదేంటి తాతా! మాడి మసైపోయింది!"

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? స్ట్రైక్ రెండు!"

"మూడోదీ ఇచ్చెయ్. ముందు సంగతి చెప్పు."

దోన్ తెలెస్ఫోరో బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. టోపీ తీసి, దాంట్లో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు చూశాడు.

"మీ అత్తకి వాసన తెలీదే పిల్లా. పోయినేడాది ఈస్టర్ ముందు జ్వరం వచ్చిందే, అప్పుడే పోయింది. ఓ రోజు గిన్నె మాడి పొగ నా మొహానికి కొడుతోంది. ఆవిడ పక్కనే నిలబడి హాయిగా పాట పాడుకుంటోంది. అప్పుడర్థమైంది నాకు."

"మరి నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"బాగానే చెప్పావ్! ముక్కుతో వంట చేసే మనిషి మీ అత్త. గడియారాన్ని ఏనాడైనా చూసిందా? ముక్కు పోయిందని ఊరికి తెలిస్తే మళ్ళీ గరిటె పట్టుకుంటుందా? అందుకే వాసన మారగానే నేను అరుస్తాను. మీకెవరికీ పొగ తగిలేలోగా మంట తగ్గి పై అన్నం దక్కుతుంది, అదే పదివేలు. అడుగు మాత్రం ఎంత అరిచినా నల్లబడుతూనే ఉంది. అది ఎవరి కంటా పడకూడదు. ఆవిడ కంట అసలే పడకూడదు."

"దీనికోసం ఊరందరిచేతా తిండిపోతు అనిపించుకుంటున్నావా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. కోళ్ళు తప్ప ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించాడు.

"అంపైరుగా ఆఖరి రెండేళ్ళూ నాకు బంతి కనబడలేదు."

"ఏంటీ?"

"మెల్లగానే! మసకమసగ్గా ఏదో వెళ్ళేది, అంతే. ఓ ఆటలో ఏం చెప్పాలో తెలీక చెమటలు కక్కుతున్నాను. మీ అత్త అప్పట్లో నా వెనక కంచె దగ్గర వేపుళ్ళు అమ్మేది. ఉన్నట్టుండి 'యనికెకే!' అని కేక పెట్టింది. వేడివేడి పిండి అప్పం, తెలుసుగా. నాకేదో తట్టి, స్ట్రైక్ అన్నాను. జనం చప్పట్లు! తర్వాతి బంతికి 'ఎంపనాదా!' అంది, కూర కుక్కిన కజ్జికాయ పేరు. అది పక్కకి పోయిన బంతి. రెండేళ్ళే పిల్లా! బంతి సరిగ్గా వస్తే యనికెకే, గతి తప్పితే ఎంపనాదా. నేనొక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు, ఆవిడొక్కసారి నాతో ఆ మాట ఎత్తలేదు. నా తీర్పులు అమోఘమని పేపర్లో రాసింది కూడా ఆ రెండేళ్ళే."

యుదెల్కాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు రెండూ చేసింది.

"నువ్వు కనిపెట్టావని అత్తకి తెలుసా?"

"తెలిస్తే బతకనిస్తుందా నన్ను! పళ్ళు లేకపోయినా ఆశ చావని ముసలాడు అనుకుంటోంది. అలాగే అనుకోనీ. నువ్వు నోరు జారావంటే స్ట్రైక్ మూడు!"

రేపటి నుంచి పొయ్యి సంగతి నేనే చూసుకుంటానని మనసులో ఒట్టు పెట్టుకుని యుదెల్కా ఇంటికి వచ్చింది. కానీ రాదామేస్ ఆ పాటికే వల పన్నేశాడు.

మర్నాడు పదకొండింటికి, "దోన్! మనలో మనకి గొడవలెందుకు? ఉచితంగా గడ్డం చేస్తాను, రండి" అని దారిలో ముసలాయన్ని పట్టుకున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ బిగించి, మొహమంతా నురగ పూసి, సగం గీసి, కళ్ళ మీద వేడి తువ్వాలు కప్పి, "కదలకండి, ఇప్పుడే వస్తాను" అని నేరుగా కాస్తులా బల్ల దగ్గరికి పెద్ద గరిటెతో ఊడిపడ్డాడు. సరిగ్గా అప్పుడే యుదెల్కా మూల కొట్టుకి ఐసు కోసం వెళ్ళింది.

ఐసుగడ్డ సంచిలో వేసుకుని తిరిగొస్తుంటే వీధి మొగలోనే ఆమె ముక్కుకి తగిలింది. మాడు వాసన! కొంప మునిగిందనుకుంటూ పరిగెత్తింది.

"ఈ రోజు ఈ బల్ల మీద న్యాయం జరగాలి!" అని రాదామేస్ గరిటె ఎత్తి ఉపన్యసిస్తున్నాడు.

"ఆగవయ్యా, ముందు దోన్‌ని రానీ," అంటోంది కాస్తులా. ఆమె చేతులు గిన్నె మూతని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఆయన వస్తే ఇంకేముంటుంది!" మూత లాగేసి, తెల్లటి అన్నాన్ని పక్కకి జరిపి, అడుగుకంటా గరిటె దింపి ఓ పెద్ద చెక్క పెకలించాడు. ఏడాదిన్నర ఎదురుచూపు కదా, మాడు వాసనా పట్టించుకోలేదు, చూసుకోనూ లేదు. కళ్ళు మూసుకుని కసుక్కున కొరికాడు.

తర్వాత కళ్ళు తెరిచాడు. థూ థూ అని ఉమ్మాడు.

"మాడు! దోన్యా, అన్నం మాడబెట్టావా?"

అందరూ ఆ నల్లటి చెక్కని చూశారు. ఒకడు మెల్లగా తల తిప్పి ఎదురుగా తిరుగుతున్న ఫ్యానుని చూశాడు. యుదెల్కా చేతిలో ఐసు కరిగి కాళ్ళ మీద కారుతోంది.

"ఆపండి!"

వీధిలోంచి దోన్ తెలెస్ఫోరో వస్తున్నాడు. సగం మొహం నున్నగా ఉంది, సగం నురగ. నెత్తిన తువ్వాలు, మెడకి రెపరెపలాడే గుడ్డ, వెనకాల రెండు కుక్కలు. నేరుగా వచ్చి, రాదామేస్ చేతిలోని బొగ్గుచెక్క లాక్కుని, బోసినోట్లో పెట్టుకున్నాడు. చిగుళ్ళతో నూరాడు, కళ్ళమ్మట నీళ్ళు కారాయి, గుటకేశాడు. మోకాళ్ళు వంచి, ఔటు కాదని మైదానంలో చూపించినట్టే రెండు చేతులూ బారచాపాడు.

"సేఫ్!"

"సేఫేంటి దోన్? అది బొగ్గు!"

"అలాగే కావాలని చెప్పింది నేను! నా కొంకోన్ నల్లగా మాడ్చమని కాస్తులాకి ఏడాదిన్నరగా నేనే చెబుతున్నాను. నాకలాగే ఇష్టం. నలుగురూ నవ్వుతారని చాటుగా తీసుకుపోతున్నాను. ఏం? నలభై ఏళ్ళలో నా తీర్పు ఒక్కటైనా తప్పిందా?"

అందరూ కాస్తులా వైపు తిరిగారు. ఆమె ఆ ముసలాయన్నే చూస్తోంది. తెల్లటి నురగ మధ్య నల్లటి పెదాలు. ముక్కుసూటి మనిషి జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి తప్పు తీర్పు ఇచ్చి నిలబడ్డాడు. కాస్తులా గుండెల నిండా గాలి పీల్చుకుని, ఒకప్పుడు మైదానం అటుచివర దాకా వినబడిన గొంతుతో కేక పెట్టింది.

"యనికెకేఏఏ!"

"ఉన్నాయా? అయితే నాకో రెండు," అన్నాడు ఒకడు ఆశగా.

రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగని దోన్ తెలెస్ఫోరో ఇప్పుడు తిరిగాడు. తిరిగి కాస్తులా కళ్ళలోకి చూశాడు. ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో యుదెల్కాకి సరిగ్గా తెలియలేదు, నవ్వడం మాత్రం చూసింది.

తర్వాత బల్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. రాదామేస్ అయితే నేల మీద కూర్చుండిపోయాడు. "మీ కొంకోన్ మీకే, మీ బొగ్గూ మీకే దోన్! మా దాకా తేకండి!" అంటూ లేచి, స్టూలెక్కి, అన్నం మీద చిక్కుడు గింజలు ఇంకాస్త పొయ్యమన్నాడు. ఆ రోజు ఎవ్వరూ వీధి దాటలేదు. మిగతా సగం గడ్డం కూడా ఉచితంగానే గీయాల్సి వచ్చింది.

అందరూ వెళ్ళాక యుదెల్కా అత్తని నిలదీసింది.

"నీకు ముందే తెలుసా?"

"ఎర్రటి కొంకోన్ తీసిన గిన్నెని ఇసకేసి తోముతారటే ఎవరైనా, పిచ్చిదానా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావ్?"

"ఆయన వెనక్కి తిరిగి చూశాడా? నేను మాత్రం ఎందుకు చూడాలి!" అని కాస్తులా గిన్నె బోర్లించింది.

మర్నాటి నుంచీ ఆయన స్టూలు ఇంకో జానెడు పొయ్యి దగ్గరికి జరిగింది. పళ్ళెం పక్కన కాఫీలో నానేసిన మెత్తటి యనికెకే ఒకటి చేరింది. దోన్ పుట్టినరోజుకి రాదామేస్ ఎర్ర రిబ్బను కట్టి ఓ బస్తా బొగ్గు తెచ్చాడు. "భోజనం అయ్యాక తీరిగ్గా తినండి దోన్!" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. ఆయన ఎంతో హుందాగా పుచ్చుకుని, బస్తాని కాస్తులా పొయ్యి కిందకి తోశాడు. నెలకి సరిపడా బొగ్గు! అందులోంచి కాస్తులా నాలుగు గుప్పిళ్ళు వేసేసరికి పొయ్యి భగ్గుమంది.

"కాస్తులా! మంట తగ్గించు!" అని అరిచాడు దోన్ తెలెస్ఫోరో.

"మండనివ్వు దోన్యా! పాపం, ఈ రోజైనా ఇంకాస్త నల్లగా తిననీ!" అన్నాడు రాదామేస్ జాలిగా.

"స్ట్రైక్ ఒకటి!"