పందుల మీదికి కొన్న రివాల్వర్లు

ఎన్నికలు అయిపోయాయి. ఎన్నికల రూలు ప్రకారం ఉరవకొండ పోలీస్ స్టేషన్లో అప్పగించిన నా రెండు రివాల్వర్లను మొన్న ఉదయం తెచ్చుకున్నాను. గుడ్డసంచి మూతి విప్పగానే నూనె, ఇనుము కలిసిన ఆ పాత వాసన ముక్కుకు తగిలింది. "ఖాళీగానే ఉండాయి, తీసుకో పెద్దాయనా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. నేను అక్కడే బల్ల మీద రెండింటినీ తెరిచి, తూటాలు పెట్టే ఆరేసి అరలలోకీ తొంగి చూశాను. "మా మీద గూడా నమ్మకం లేదా?" అని ఆయన ముఖం ముడుచుకున్నాడు. ఆయన మీదేమిటి, నా మీదే నాకు లేదు. ఈ గుణం నాకు గుత్తిలో తుపాకులు బాగుచేసే ఖాసిం సాయిబు దగ్గర అబ్బింది.

నలభై ఏళ్ళ కిందటి మాట. గుంతకల్లులో రిటైరైన రైల్వే ఆఫీసరు ఒకాయన తన పొడుగు గొట్టం రివాల్వర్ అమ్ముతున్నాడనీ, బేరం సాయిబు ద్వారానే అనీ తెలిసి, లైసెన్సు పట్టుకుని ఆయన కొట్టుకు వెళ్ళాను. సాయిబు లైసెన్సును పక్కన పెట్టి నా ముఖంలోకి చూశాడు. "ఎవరి మీదికి?" అని అడిగాడు. "చేన్లో అడివిపందులు పడతాండాయి," అన్నాను. "పందికి రివాల్వర్ కొనేవాణ్ణి నిన్నే చూస్తాండానప్పా," అన్నాడు, నవ్వకుండా. ఆయన అనుమానం సరైనదే. నాకు పందుల బెడదా లేదు, పగవాళ్ళూ లేరు. నడుముకు బరువుగా ఏదో ఒకటి వేలాడాలన్న వయసు డాబు, అంతే.

ఆయన రివాల్వర్ తెరిచి, ఖాళీ అరలు చూపించి, మూసి నా చేతికిచ్చాడు. నేను నడుముకు దోపుకోబోతుంటే చటుక్కున లాక్కున్నాడు.

"చూసినావా?"

"నువ్వు చూసినావు కదా సాయిబూ."

"నా కండ్లు నీకు పని చేస్తాయా? ఎవరు చేతికిచ్చినా నువ్వు తెరిచి చూడు. నేనిచ్చినా సరే."

ఆ పూట నా చేత పదిసార్లు తెరిపించాడు. నాకు ఒళ్ళు మండింది.

కొన్నేళ్ళకు ఆయన దగ్గరే పొట్టి గొట్టంది ఇంకొకటి కొన్నాను. దాని చెక్కపిడి నా అరచేతికి కొలత తీసి చేసినట్టుండేది. నాకు రెండింట్లో అదే ముద్దు. ఏటా ఎండాకాలం రెండింటినీ శుభ్రం చేయించడానికి గుత్తికి తీసుకెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా సాయిబు "ఎవరి మీదికి?" అనేవాడు. నేను "పందుల మీదికే" అనేవాణ్ణి. అది మా ఇద్దరికీ అలవాటైన పరాచికం.

తరువాత వరసగా వానలు మొహం చాటేశాయి. మా చిన్నాయన కొడుకు రామాంజి బోరు ఎండిపోయింది, పక్కనే నేను వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. తన నీళ్ళు నేను లాగేశానని వాడి కోపం. మా మధ్య మాటలు తెగిపోయాయి. నా మోటారు ఆగినప్పుడల్లా వాడే ఏదో చేశాడనుకునేవాణ్ణి. వాడు గట్టు మీద నిలబడినా అనుమానమే, నిలబడకపోయినా అనుమానమే.

ఆ ఏడు సాయిబు యథాప్రకారం "ఎవరి మీదికి?" అన్నాడు. "బిరీన నూనె పెట్టియ్యి," అన్నాను. ఎప్పుడూ ఒక పూటలో ఇచ్చేవాడు ఈసారి ఎనిమిది రోజులు ఉంచుకున్నాడు. "నూనెకు ఎనిమిది దినాలా?" అంటే "పని ఉండాది" అన్నాడు. రామాంజి ఈయన్ను కూడా తనవైపు తిప్పుకున్నాడేమో అనిపించింది. అక్కడే తెరిచి అరలన్నీ చూసుకున్నాను. తేడా ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చి రెండింట్లోనూ తూటాలు నింపి, పొట్టిదాన్ని నడుముకు దోపుకుని తిరగసాగాను.

వారం తిరగకుండానే ఒక ఉదయం మళ్ళీ మోటారు ఆగింది. వెళ్ళి చూస్తే రామాంజి నాకు వీపు పెట్టి, నా స్టార్టర్ డబ్బా తెరిచి, పటకారుతో లోపల ఏదో కదుపుతున్నాడు. ఇన్నాళ్ళకు దొరికాడనుకున్నాను. పొట్టిది తీసి, వాడి వీపుకు గురిపెట్టి నొక్కాను. టక్కుమంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టక్కుమంది. నేను మొదటిసారి నొక్కేసరికే మోటారు హోరుమని మొదలైంది, వాడికి ఆ టక్కులు వినబడలేదు. వాడు తిరిగేలోపు రివాల్వర్ చొక్కా కిందికి పోయింది.

"ఫ్యూజు పోయింటే కట్టినానన్నా. మనకు మాటల్లేవు గానీ, చెనిక్కాయ చెట్లు ఏం చేసినాయి? ఎండతాంటే చూడలేకపోయినా."

కాలవ గట్టు మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని వాడే నా ముఖం మీద నీళ్ళు చల్లాడు.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి గుత్తికి వెళ్ళి పొట్టిదాన్ని సాయిబు ముందు పెట్టాను. ఆయన తెరిచి, తూటాలు బయటికి తీసి, వాటి అడుగున దెబ్బ పడిందేమోనని చూసుకున్నాడు.

"తూటాను కొట్టే సూది అరగదీసినా. రెండిట్లోనూ," అన్నాడు నెమ్మదిగా.

"ఎందుకు సాయిబూ?"

"ఈ తూరి నువ్వు పందుల మాట ఎత్తలేదప్పా."

కాల్చావా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు, ఏడ్చాను. కాసేపటికి సొరుగులోంచి కొత్త సూదులు తీసి, "వేయమంటావా?" అన్నాడు. వద్దన్నాను.

సాయిబు పోయి చాలా ఏళ్ళయింది. నేను ఎందరినో ఊరికే అనుమానించాను. నన్ను సరిగ్గా అనుమానించినవాడు ఆయనొక్కడే. ఆ అనుమానం పెట్టిన భిక్షే నా బతుకూ, రామాంజి బతుకూ. పేలని ఆ రెండింటికీ ఇప్పటికీ లైసెన్సు కడతాను, నూనె రాస్తాను, తెరిచి చూసుకుంటాను.

మొన్న సంచితో ఇంటికి వచ్చేసరికి రామాంజి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది వాడికి. సంచి వైపు చూసి నవ్వుతూ, "ఈ వయసులో ఇంకా ఎవరి మీదికన్నా అవి?" అన్నాడు.

"పందుల మీదికేరా," అన్నాను.